పసివాడికి తొందర... పెద్దవాడికి మౌనం

మీ ఇంట్లో మగపిల్లాడు ఉన్నాడా? వాడికి మొదటి పన్ను ఎప్పుడొచ్చిందో, తొలి అడుగు ఎప్పుడు వేశాడో మీకు తేదీతో సహా గుర్తుంటుంది. మూత్రం పోసే చోట ముందరి చర్మం ఎప్పుడు వెనక్కి జరగడం మొదలైందని అడిగితే మాత్రం చాలా ఇళ్లలో రెండే జవాబులు వస్తాయి. 'లాల పోసేటప్పుడే అమ్మమ్మ లాగేసింది' అనేది ఒకటి. 'అదంతా ఎవరు చూస్తారండీ' అనేది రెండోది. మొదటిది చేయకూడని పని. రెండోది చేయాల్సిన పని చేయకపోవడం.

అంగం కొసను కప్పి ఉండే చర్మం బిగుతుగా ఉండి వెనక్కి రాకపోవడాన్ని వైద్యులు 'ఫైమోసిస్' అంటారు. ఆ మాట వినగానే కంగారు పడాల్సిన పనిలేదు. నూటికి తొంభై మంది పిల్లల్లో అది జబ్బే కాదు, వయసు. కానీ పదిహేడేళ్ల కుర్రాడిలో అది ఇబ్బంది. యాభై ఏళ్ల పెద్దాయనలో కొత్తగా వస్తే అది హెచ్చరిక. ఒకే లక్షణానికి మూడు వయసుల్లో మూడు అర్థాలు ఉన్నాయి. మనం మాత్రం ఉండాల్సిన వయసులో లేదని కంగారుపడి లాగుతున్నాం. చూపించుకోవాల్సిన వయసులో సిగ్గుపడి దాస్తున్నాం. ఈ వరస తిరగబడాలన్నదే ఇక్కడ నేను చెప్పదలచుకున్నది.

పుట్టుకతో అతుక్కునే ఉంటుంది

మన వేలికి గోరు ఎలా అతుక్కుని ఉంటుందో, పుట్టిన బిడ్డలో ముందరి చర్మం లోపలి పొర అంగం కొసకు అలాగే అతుక్కుని ఉంటుంది. ఇది లోపం కాదు. మలమూత్రాల తడి మధ్య గడిపే పసివయసులో ఆ సున్నితమైన భాగానికి అదే రక్షణ. బిడ్డ ఎదిగే కొద్దీ ఆ రెండు పొరలూ వాటంతట అవే కొంచెం కొంచెంగా విడిపోతాయి.

ఇది ఎంత నెమ్మదిగా జరుగుతుందో చెప్పే లెక్కలు ఉన్నాయి. బ్రిటన్‌కు చెందిన పిల్లల వైద్యుడు డగ్లస్ గైర్డ్‌నర్ 1949లో ప్రచురించిన పరిశీలన ప్రకారం, పుట్టినప్పుడు చర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది 4 శాతం మగబిడ్డల్లోనే. ఏడాదికి సుమారు సగం మందిలో, మూడేళ్లకు సుమారు 90 శాతం మందిలో వస్తుందని ఆయన చెప్పారు. తర్వాతి పరిశీలనలు ఈ ప్రక్రియ ఇంకా నెమ్మదిగా సాగుతుందని తేల్చాయి. డెన్మార్క్ వైద్యుడు యాకబ్ ఓస్టర్ 1968లో బడి పిల్లల వివరాలు ప్రకటించారు. ఆరేడేళ్ల పిల్లల్లో 8 శాతం మందికి చర్మం బిగుతుగా ఉంది. పదహారు, పదిహేడేళ్లకు వచ్చేసరికి అది 1 శాతానికి పడిపోయింది. లోపలి పొర ఎంతో కొంత అతుక్కుని ఉండటం ఆరేడేళ్లలో 63 శాతం మందిలో కనిపిస్తే, పదహారు, పదిహేడేళ్లలో 3 శాతం మందిలోనే కనిపించింది.

ఈ అంకెలను మరోసారి చదవండి. ఒకటో తరగతి పిల్లాడికి చర్మం పూర్తిగా వెనక్కి రాకపోవడం మామూలు విషయం. పదో తరగతి దాటేసరికి దాదాపు అందరిలోనూ సర్దుకుంటుంది. మధ్యలో పనిచేసింది మందు కాదు, కత్తి కాదు. కాలం.

మొక్కై వంగకపోయినా ఫర్వాలేదు

మన ఉత్తరాంధ్రలో పసిబిడ్డ స్నానం ఓ పెద్ద కార్యక్రమం. నూనె పట్టించాలి, నలుగు పెట్టాలి, ముక్కు నొక్కాలి, తల గుండ్రంగా తిప్పాలి, కాళ్లూ చేతులూ సాగదీయాలి. ఆ వరసలోనే చాలా ఇళ్లలో ముందరి చర్మాన్నీ రోజూ కాస్త కాస్త వెనక్కి లాగుతారు. 'గుంటడికి ఇప్పుడు లాగకపోతే పెద్దయ్యాక కష్టమైపోద్ది' అంటారు. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత తోడు తెచ్చుకుంటారు.

ఆ పెద్దావిడ ప్రేమను నేను శంకించడం లేదు. కానీ ఆ సామెత ఇక్కడ పనికిరాదు. అతుక్కుని ఉన్న గోరును ఎవరైనా లాగితే ఏమవుతుంది? ఇక్కడా అంతే. పొరలు చిరుగుతాయి. రక్తం వస్తుంది. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తాడు. తర్వాత మూత్రం పోసినప్పుడల్లా మంట. ఆ చిరుగులు మానేటప్పుడు మచ్చ కడుతుంది. మచ్చ కట్టిన చర్మానికి సాగే గుణం ఉండదు. అంటే, పెద్దయ్యాక బిగుతు రాకూడదని లాగిన ఆ చేయే అసలైన బిగుతుకు బీజం వేస్తుంది. మరో ప్రమాదమూ ఉంది. బలవంతంగా వెనక్కి లాగిన చర్మం మళ్లీ ముందుకు రాకుండా ఉంగరంలా బిగుసుకుపోవచ్చు. అది అత్యవసర పరిస్థితి. దాని గురించి కింద చెబుతాను.

అందుకే ఇంట్లో ఒక్క నియమం పెట్టుకోండి. పిల్లాడి చర్మాన్ని మొదటిసారి పూర్తిగా వెనక్కి జరిపేది పిల్లాడే కావాలి. అమ్మ కాదు, అమ్మమ్మ కాదు, నాన్న కాదు. అంతవరకూ బయట నుంచి గోరువెచ్చని నీళ్లతో కడిగితే చాలు. లోపల సబ్బు పెట్టకూడదు, దూది పుల్లలు పెట్టకూడదు, నూనెలు పోయకూడదు.

ఈ మాట అత్తగారికి చెప్పడం కొత్త కోడలికి కష్టమే. ఆ పని కొడుకు చేయాలి. 'అమ్మా, డాక్టరుగారు అక్కడ లాగొద్దన్నారు' అని ఒక్క మాట చాలు. నన్నడిగితే, మగబిడ్డ పుట్టిన ప్రతి తల్లికీ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపే రోజున టీకాల కార్డుతో పాటు ఈ ఒక్క వాక్యమూ రాసివ్వాలి. ఖర్చు లేని వైద్యం అది.

వేచి చూడటం అంటే వదిలేయడం కాదు

కంగారు పెట్టే కొన్ని విషయాలు నిజానికి ప్రమాదకరం కావు. చర్మం కింద తెల్లగా, ముత్యాల్లా చిన్న గడ్డలు కనిపిస్తే చీము అనుకుంటాం. పొరలు విడిపోయేటప్పుడు రాలిన చర్మకణాలు అలా పోగవుతాయి. చర్మం విడిపోయాక అవే బయటికి వచ్చేస్తాయి. మూత్రం పోసేటప్పుడు కొస బుడగలా ఉబ్బి, వెంటనే ధార సాఫీగా వస్తూ, పిల్లాడికి నొప్పి లేకపోతే అది కూడా చాలాసార్లు పొరలు విడిపోతున్నాయనడానికి గుర్తే.

ఇవి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయొద్దు. మూత్రం దారంలా సన్నగా రావడం, చుక్కలు చుక్కలుగా పడటం, ముక్కి ముక్కి పోయాల్సి రావడం. పోసేటప్పుడు ప్రతిసారీ ఏడవడం. కారణం తెలియని జ్వరంతో పాటు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ తేలడం. కొస ఎర్రగా వాచి, చీము రావడం, అదీ మాటిమాటికీ జరగడం. చర్మం అంచు తెల్లగా, గట్టిగా, మెరిసే మచ్చలా మారడం. ఇంతకుముందు వెనక్కి వచ్చే చర్మం ఇప్పుడు రాకపోవడం.

చివరి రెండూ ముఖ్యం. తెల్లని గట్టి అంచు 'లైకెన్ స్క్లీరోసస్' అనే చర్మవ్యాధికి గుర్తు కావచ్చు. ఐదేళ్లలోపు పిల్లల్లో ఇది అరుదు. కాలం గడిస్తే తగ్గేది కాదు, పెరిగేది. మూత్రద్వారాన్ని కూడా మూసేస్తుంది. వయసు వల్ల ఉన్న బిగుతుకూ, జబ్బు వల్ల వచ్చిన బిగుతుకూ తేడా ఇక్కడే ఉంది. మొదటి రకంలో చర్మాన్ని నెమ్మదిగా జరిపితే అంచు మెత్తగా, పువ్వులా విచ్చుకుంటుంది. రెండో రకంలో తెల్లటి ఉంగరంలా బిగుసుకుంటుంది. ఆ తేడాను డాక్టర్ కళ్లతో చూసే చెప్పేస్తారు. స్కాన్‌లతో పనిలేదు.

చర్మం దానంతటది వెనక్కి రావడం మొదలైన రోజు నుంచి తండ్రి నేర్పాల్సిన పాఠం ఒకటుంది. స్నానంలో సులువుగా వచ్చినంత వరకే వెనక్కి జరుపు, నీళ్లతో కడుగు, ఆరనివ్వు, మళ్లీ ముందుకు తెచ్చెయ్. నాలుగు ముక్కలు. పళ్లు తోముకోవడం నేర్పినట్టే, అంతే మామూలు గొంతుతో చెప్పాలి. నాలుగోది మరచిపోకుండా చెప్పాలి.

కత్తి కన్నా ముందు పూత

'చర్మం బిగుతుగా ఉంది, కోసేయాలి' అని ఎవరైనా అనగానే మన ఇళ్లలో రెండు రకాల స్పందనలు ఉంటాయి. కొందరు భయపడి మళ్లీ డాక్టర్ ముఖం చూడరు. కొందరు 'ఎలాగూ సెలవులే కదా' అని తేదీ పెట్టేసుకుంటారు. రెండూ అక్కర్లేదు.

బిగుతు వల్ల నిజంగా ఇబ్బంది ఉంటే ముందు ప్రయత్నించాల్సింది తక్కువ మోతాదు స్టెరాయిడ్ పూత మందు. చర్మం అంచులో, సరిగ్గా ఆ బిగుతు ఉన్న వలయం మీద రోజుకు రెండుసార్లు పలుచగా రాయాలి. నొప్పి లేనంత వరకు నెమ్మదిగా వెనక్కి జరుపుతూ ఉండాలి. నాలుగు నుంచి ఎనిమిది వారాలు. సుమారు ఐదుగురు పిల్లల్లో నలుగురికి దీనితోనే సరిపోతుంది. మానేశాక కొందరిలో మళ్లీ బిగుసుకోవచ్చు. అప్పుడు మరో విడత వాడవచ్చు.

ఇది మన పూర్వులకు తెలియని సంగతి కాదు. సుశ్రుత సంహితలో 'నిరుద్ధప్రకశ' అన్న పేరుతో ఈ బిగుతు గురించి ఉంది. నెయ్యి రాసిన గొట్టాన్ని పెట్టి, కొద్ది రోజులకోసారి కాస్త పెద్ద గొట్టం మారుస్తూ దారిని క్రమంగా వెడల్పు చేయమని అందులో చెప్పారు. ఆ గొట్టాలు ఇప్పుడు ఎవరూ ఇంట్లో ప్రయత్నించకూడదు. కానీ ఆ ఆలోచనలోని నెమ్మది గమనించండి. శస్త్రచికిత్సకు పేరుపడ్డ గ్రంథం కూడా ఇక్కడ ముందు సాగదీయమనే చెప్పింది.

ఒక జాగ్రత్త. డాక్టర్ చీటీ మీద వాడే పూత వేరు, మందుల షాపులో 'అక్కడ దురద' అని అడిగితే చేతిలో పెట్టే ట్యూబు వేరు. ఆ ట్యూబుల్లో చాలా వాటిలో బలమైన స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపి ఉంటాయి. నాలుగు రోజులు ఉపశమనం ఇచ్చి, తర్వాత చర్మాన్ని పలుచబరుస్తాయి, ఫంగస్‌ను మొండిగా మారుస్తాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ పూతలను డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది ఇందుకే. ఉక్కపోత ఎక్కువగా ఉండే మన సాగరతీరంలో ఫంగస్‌కు అసలే కరువు లేదు. దానికి మన చేతులతో ఎరువు వేయొద్దు.

మరి కోయాల్సింది ఎప్పుడు?

పూత పనిచేయకపోతే, మచ్చ కట్టిన బిగుతు ఉంటే, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వస్తుంటే, లైకెన్ స్క్లీరోసస్ అని తేలితే, పెద్దవారిలో సంసార జీవితానికి అడ్డు వస్తుంటే శస్త్రచికిత్స అవసరం. అది కూడా ఒకే రకం కాదు. ముందరి చర్మాన్ని పూర్తిగా తీసేయడం ఒకటి. బిగుతు ఉన్న వలయాన్ని మాత్రమే విడదీసి, చర్మాన్ని ఉంచడం మరొకటి. మచ్చ పెద్దగా లేని వాళ్లకు రెండోది కుదరవచ్చు. ఆ సంగతి మీరు అడిగితేనే కొన్నిచోట్ల ప్రస్తావనకు వస్తుంది. కాబట్టి అడగండి.

పిల్లలకు పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. పెద్దవారికి సాధారణంగా ఆ భాగానికే మత్తు ఇస్తే చాలు. ఎక్కువమంది అదే రోజు ఇంటికి వచ్చేయవచ్చు. పెద్దవారిలో పుండు మానడానికి రెండు మూడు వారాలు పడుతుంది. కలయికకు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. రక్తస్రావం, ఇన్‌ఫెక్షన్, మూత్రద్వారం సన్నబడటం వంటి ఇబ్బందులు కొద్దిమందిలో రావచ్చు. 'లేజర్', 'స్టేప్లర్' అన్న మాటలు చూసి ముచ్చటపడకండి. అవి కోసే పద్ధతులు. అసలు కోయాలా అన్న ప్రశ్నకు జవాబులు కావు.

ఒక ముఖ్యమైన మినహాయింపు. కొందరు పిల్లలకు మూత్రద్వారం కొసన కాకుండా కింది వైపు ఉంటుంది. అలాంటి బిడ్డకు ముందరి చర్మాన్ని ఎట్టిపరిస్థితుల్లోనూ ముందుగా తీసేయకూడదు. ఆ లోపాన్ని సరిచేసే శస్త్రచికిత్సకు ఆ చర్మమే కావాల్సి రావచ్చు.

సున్తీ విషయంలో మరో వాదన వినిపిస్తుంది. 'కొన్ని దేశాల్లో అందరికీ చేస్తారట, మంచిదట' అని. మతాచారంగా చేయించుకునే కుటుంబాల సంగతి వేరు. వారికి నా విన్నపం ఒక్కటే. శుభ్రమైన ఆపరేషన్ గదిలో, శిక్షణ ఉన్న చేతులతో చేయించండి. ఇక ఆరోగ్యం కోసం అందరికీ చేయాలా అంటే, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్ఐవీ నివారణకు దీన్ని సిఫారసు చేసింది ఆ వ్యాధి తీవ్రంగా ఉన్న ప్రాంతాలకు, ముఖ్యంగా ఆఫ్రికాలోని దేశాలకు. మన దేశానికి అది వర్తించదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయన్నది నిజమే. కానీ ఏ సమస్యా లేని పిల్లల్లో ఒక్క ఇన్‌ఫెక్షన్‌ను ఆపాలంటే సుమారు 111 మందికి కోయాల్సి ఉంటుందని 2005లో వచ్చిన ఒక సమీక్ష లెక్కగట్టింది. ఆ లెక్క చూశాక, ఏ ఇబ్బందీ లేని పిల్లాడిని ఆపరేషన్ బల్ల ఎక్కించాలని నాకు అనిపించదు.

పదహారేళ్ల మౌనం

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ఆడపిల్ల ఎదిగితే తల్లి పక్కన కూర్చుని నాలుగు మాటలు చెబుతుంది. మగపిల్లాడికి ఎవరు చెబుతారు? తండ్రికి మొహమాటం, మాస్టారికి ఇబ్బంది. చివరికి ఫోన్ చెబుతుంది, స్నేహితుడు చెబుతాడు, రైల్వేస్టేషన్ దగ్గర గోడ మీది ప్రకటన చెబుతుంది. పదిహేడేళ్లు వచ్చినా చర్మం వెనక్కి రాని కుర్రాడు తనకేదో పెద్ద లోపం ఉందనుకుని కుమిలిపోతాడు. లాడ్జి గదిలో కూర్చున్న 'స్పెషలిస్టు' ఆ భయానికే ధర కడతాడు.

దీని మూల్యం మన ప్రాంతంలో మరోలా కూడా చెల్లిస్తున్నాం. తూర్పు నౌకాదళ ప్రధాన కేంద్రం ఉన్న ఊరు మనది. విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లు ఎందరో తెల్లవారుజామునే బీచ్ రోడ్డు మీద, కాలేజీ మైదానాల్లో పరుగులు తీస్తూ సైన్యం, నేవీ ఎంపికలకు సిద్ధమవుతారు. పరుగు గెలుస్తారు, పరీక్ష రాస్తారు. శుభ్రతకో, మూత్రానికో అడ్డుపడేంత బిగుతు ఉంటే వైద్య పరీక్ష దగ్గర ఆగిపోతారు. శస్త్రచికిత్స చేయించుకుని, పుండు పూర్తిగా మానితే మళ్లీ పరిగణిస్తారు. అంటే ముందే తెలిసి ఉంటే సెలవుల్లో తీరిపోయే సమస్య అది. తెలియక ఏళ్ల శ్రమ ఆ గదిలో తడబడుతుంది. ఓడల్లో ఉద్యోగాలకు వెళ్లే కుర్రాళ్లకూ ఇదే మాట. నెలల తరబడి నడిసముద్రంలో ఉండేటప్పుడు ఈ ఇబ్బంది ముదిరితే ఆసుపత్రి పక్క వీధిలో ఉండదు.

ఇక పెళ్లి. తొలి రాత్రి నొప్పి, చర్మం చిరగడం, కింది సన్నటి తంతువు తెగి రక్తం రావడం. భయపడి అతను దూరం జరుగుతాడు. ఆమె తనలోనే లోపం వెతుక్కుంటుంది. నెల తిరిగేసరికి రెండు కుటుంబాల మధ్య 'సంసారానికి పనికిరాడు' అన్న మాట పుడుతుంది. ఆ మాట ఒక్కసారి పుట్టాక చావదు. వైద్యం చేస్తే వారాల్లో తీరే సమస్యకు ఇంత శిక్షా? స్పష్టంగా చెబుతున్నా. చర్మం బిగుతుకూ, మగతనానికీ సంబంధం లేదు. వీర్యం తయారీకీ దానికీ సంబంధం లేదు. అది చర్మం సమస్య. అంతకన్నా ఏమీ కాదు.

ఉక్కునగరం లాంటి టౌన్‌షిప్పుల్లో మరో బెరుకు ఉంటుంది. ఓపీ వరుసలో పక్క క్వార్టర్ ఆయన ఉంటే? చీటీ మీద ఏం రాశారో చూస్తే? 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచిన నేల ఇది. సొంత ఒంటి గురించి మాత్రం డాక్టర్ ముందు గుసగుసగా కూడా చెప్పలేకపోతున్నాం. చీటీ మీద 'చర్మం సమస్య' అని చెప్పి లోపలికి వెళ్లండి. మిగతాది తలుపు వేశాక చెప్పవచ్చు.

అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో 18 ఏళ్లలోపు పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది. కళ్లు, పళ్లు, గుండె చూస్తారు. హైస్కూలు మగపిల్లల్ని ఒక్కొక్కరిని పక్కకు పిలిచి, 'మూత్రానికి ఇబ్బంది ఉందా, చర్మం వెనక్కి వస్తోందా' అని మగ వైద్యుడు అడిగే రెండు నిమిషాల సమయం అందులో ఉండాలి. ప్రైవేటు బడులకూ ఇదే వర్తించాలి. ఫీజులో ఆరోగ్య పరీక్షల పేరిట కట్టే డబ్బుకు తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్నే ఇది.

యాభైలో కొత్తగా బిగిస్తే

ఇన్నాళ్లూ సాఫీగా ఉన్న చర్మం నలభై, యాభై ఏళ్లలో బిగుసుకోవడం, అంచు పగుళ్లు పట్టడం, దురద, తెల్లటి పొర. ఇవి కనిపిస్తే ముందు చేయించాల్సింది రక్తంలో షుగర్ పరీక్ష. మూత్రంలో చక్కెర వెళ్తుంటే అక్కడ ఫంగస్‌కు పండగ. అది మాటిమాటికీ వచ్చి చర్మాన్ని చీల్చి, మచ్చకట్టించి, బిగిస్తుంది. తనకు మధుమేహం ఉందని తెలియని మనిషికి మొదటి కబురు ఇక్కడి నుంచే రావచ్చు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగి 2023లో వెలువడిన అధ్యయనం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని అంచనా వేసింది. మూడు షిఫ్టుల్లో పనిచేస్తూ, వేళకు తినని, నిద్రపోని మన పారిశ్రామిక నగరం ఈ కబురును తేలిగ్గా తీసుకోలేదు.

ఇప్పటికే షుగర్‌కు మందులు వాడుతున్నవారికి మరో మాట. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు గుండెకు, కిడ్నీలకు మేలు చేస్తాయి. అవి చక్కెరను మూత్రంలోకి పంపించి పనిచేస్తాయి కాబట్టి ఆ చోట ఫంగస్ వచ్చే అవకాశం పెరుగుతుంది. అలాగని సొంతంగా మానేయొద్దు. మూత్రం పోశాక కడుక్కోండి, తడి లేకుండా తుడుచుకోండి, దురద మొదలైన వారంలోనే డాక్టర్‌కు చెప్పండి. భార్యకూ ఇబ్బంది ఉంటే ఇద్దరూ కలిసి వైద్యం చేయించుకోవాలి. ఈ మాత్రలు రాసే ప్రతి డాక్టర్ ఈ మూడు మాటలు ముందే చెప్పాలని రోగిగా మీరు కోరుకోవచ్చు.

ఇంకో విషయం కటువుగా ఉన్నా చెప్పాలి. అంగానికి వచ్చే క్యాన్సర్ అరుదైనదే. కానీ బిగుసుకున్న చర్మం, ఏళ్ల తరబడి లోపల శుభ్రం లేకపోవడం, హెచ్‌పీవీ వైరస్, పొగాకు దాని ముప్పును పెంచుతాయి. చర్మం వెనక్కి రాదు కాబట్టి లోపల పుండు ఉన్నా కంటికి కనిపించదు. దుర్వాసన, రక్తం చారలు, గట్టిగా తగిలే గడ్డ. పెద్దాయన ఇంట్లో చెప్పడు. తొలిదశలో చిన్న శస్త్రచికిత్సతో పోయేది, చెప్పకపోవడం వల్ల అంగాన్నే తీసేయాల్సిన దశకు చేరుతుంది. మీ తండ్రి పంచెకు మరకలు కనిపిస్తే, ఉతికేవాళ్లు ఊరుకోకండి.

ఇది మాత్రం గంటల్లో చూడాలి

వెనక్కి జరిపిన చర్మం ముందుకు రాకుండా ఇరుక్కుపోతే అది ఉంగరంలా బిగుసుకుని, కొస నీరుపట్టి ఉబ్బిపోతుంది. దీన్ని 'పారాఫైమోసిస్' అంటారు. రక్తప్రసరణ ఆగితే ఆ భాగం దెబ్బతింటుంది. ఉబ్బిన కొసను చేతితో కొన్ని నిమిషాల పాటు నెమ్మదిగా అదిమి ఉంచి, వాపు తగ్గాక చర్మాన్ని ముందుకు తేవడానికి ఒక్కసారి ప్రయత్నించవచ్చు. రాకపోతే తెల్లవారే దాకా ఆగొద్దు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి. పసుపు, బామ్, ఐస్ గడ్డలు నేరుగా పెట్టొద్దు.

ఇది ఆసుపత్రి మంచం మీద కూడా జరుగుతుంది. పెద్దవారికి మూత్రం గొట్టం వేసేటప్పుడు చర్మాన్ని వెనక్కి జరుపుతారు. గొట్టం వేశాక ముందుకు తేవడం మరచిపోతే కొన్ని గంటల్లో వాపు మొదలవుతుంది. స్పృహలో లేని మనిషి చెప్పలేడు. పక్కన కూర్చున్న మీరే నర్సును మర్యాదగా అడగండి. 'చర్మం ముందుకు తెచ్చారా అమ్మా?' అని. అందులో తప్పేమీ లేదు.

ఎవరి దగ్గరికి వెళ్లాలి?

పిల్లలైతే పిల్లల డాక్టర్, అవసరమైతే పిల్లల సర్జన్. పెద్దవారైతే యూరాలజిస్టు. చర్మం మీద మచ్చలు, పగుళ్లు ఉంటే చర్మవ్యాధి నిపుణులు. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు బోధనాసుపత్రిగా ఉన్న కేజీహెచ్‌లో పిల్లల శస్త్రచికిత్సకూ, యూరాలజీకీ విడి విభాగాలు ఉన్నాయి. స్టీల్‌ప్లాంట్, పోర్టు ఉద్యోగులకు సొంత ఆసుపత్రులు ఉన్నాయి. అక్కడ కూడా ముందు అడగాల్సిన ప్రశ్నలు ఇవే. ఇది వయసు వల్ల ఉన్న బిగుతా, జబ్బా? పూత ప్రయత్నించామా? ఆగితే నష్టం ఏమిటి? కోస్తే, చర్మాన్ని ఉంచి చేసే వీలుందా? ఈ నాలుగింటికీ ఓపికగా జవాబు చెప్పిన డాక్టరే మీ డాక్టర్.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో పసివాడు ఉంటే లాల పోసే చేతులకు ఆ ఒక్క నియమం చెప్పండి. హైస్కూలు కుర్రాడు ఉంటే, బండి మీద కూర్చోబెట్టుకుని అలా భీమిలి దాకా తీసుకెళ్లండి. ముఖాలు చూసుకోనక్కర్లేని ప్రయాణంలో ఇలాంటి మాటలు తేలిగ్గా దొర్లుతాయి. 'స్నానంలో ఇబ్బందేమైనా ఉందిరా? ఉంటే చెప్పు, ఇద్దరం వెళ్లి చూపించుకుందాం' అనండి. ఆ రోజు వాడు ఏమీ చెప్పకపోవచ్చు. అవసరం వచ్చిన రోజున గోడ మీది ప్రకటన దగ్గరికి కాకుండా మీ దగ్గరికి వస్తాడు.